మీటరక్క క్యారేజీ

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద అచ్చయి ఉంది. రోజూ ఇంట్లోంచి బయలుదేరే ముందు ఆ కార్డును కొంగుతో తుడుచుకోవడం ఆమెకు అలవాటు. కానీ కట్టెల అడితి వెనకున్న ఆ వీధిలో ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆమె మీటరక్కే. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున భుజాన సంచీ, చేతిలో చిన్న పెట్టెతో ఇల్లిల్లూ తిరుగుతుంటే, చూపు సరిగా ఆనని ఒక ముసలాయన తలుపు తీసి, రోజూ చూసే మనిషినే పోల్చుకోలేక, "కరెంటు మీటరు మొన్ననే చూసి పోయారమ్మా" అని ముఖం మీదే తలుపు వేసేశాడు. ఆ తలుపు మళ్లీ తెరుచుకునేలోపే కొత్త పేరు వీధి చివరికి చేరిపోయింది.

వయసు నలభైకి అటూ ఇటూ. భర్త లారీ డ్రైవరు, ఇంటికి చుట్టపు చూపుగా వస్తుంటాడు. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇక ఇంట్లో మిగిలేది ఇద్దరు ఆడవాళ్లు, మీటరక్కా ఆమె అత్తా. వీళ్లిద్దరూ ఒకరినొకరు ఒక్క మంచి మాట అనుకోగా వీధిలో ఎవరూ విన్న పాపాన పోలేదు. అలాగని రాత్రిపూట ఒకరు ఇంటికి చేరకుండా రెండోవారు కంచం ముందు కూర్చున్నదీ లేదు.

అంతకు ముందు మీటరక్క అడితిలో రంపపు పొట్టు బస్తాలకు ఎత్తేది. ఒళ్లంతా పొట్టు, తలంతా పొట్టు. ముక్కు చీదితే కూడా పొట్టే. అక్కడ ఆమెను "ఏయ్, పొట్టు బస్తా" అని పిలిచేవాళ్లు. అలాంటి మనిషికి మెళ్లో ఫోటో ఉన్న కార్డు పడింది. తుడుచుకోదూ మరి!

ఆ కార్డు ఇచ్చింది పేదల వాడల్లో జనం ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంస్థ. దాని తరఫున వచ్చిన డాక్టరమ్మ మందులిచ్చే డాక్టరు కాదు, జబ్బు ఎక్కడ పుడుతోందో వెతికే డాక్టరు. ఈ తేడా వీధికి ఒక పట్టాన ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులూ పంటి పోట్లూ మోసుకుంటూ వచ్చి, ఆవిడ సూది వెయ్యనంటే మొహాలు మాడ్చుకుని పోయేవారు. ఆవిడ తేల్చుకోవలసింది ఒకటే సంగతి. ఈ వీధి ఆడవాళ్లు వంట చేస్తూ ఎంత పొగ పీలుస్తున్నారు?

వీధి మొత్తానికీ వంటచెరకు అడితి నుంచే వస్తుంది. చెక్కముక్కలు, బెరడు, అన్నిటికన్నా ఎక్కువగా రంపపు పొట్టు. పాత నూనె డబ్బాలో నడుమ ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టంగా కూరి, సీసా పైకి లాగేస్తే పొయ్యి తయారు. కింది కన్నంలోంచి నిప్పు అందిస్తే పూటంతా మండుతుంది. మండినంతసేపూ పొగ చిమ్ముతుంది. చాలా ఇళ్లలో గ్యాసు బండ కూడా ఉంది, కాదనను. అది చుట్టాలు వచ్చినప్పుడూ ఒంట్లో బాగాలేనప్పుడూ వెలిగించేది. మిగతా రోజుల్లో దాని మీద పూల గుడ్డ కప్పి ఉంటుంది.

మీటరక్క చేతిలోని పెట్టె సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది. లోపల చిన్న ఫ్యాను గాలి లాగుతూ సన్నగా గుయ్‌మంటుంది, పైన పచ్చ దీపం వెలుగుతుంది. వంట చేసే మనిషి దాన్ని ఒక పగలూ ఒక రాత్రీ మెళ్లో వేసుకుని తిరగాలి, పడుకున్నప్పుడు తలాపున పెట్టుకోవాలి. మర్నాడు మీటరక్క దాన్ని ఆఫీసుకు తీసుకెళ్తే, డాక్టరమ్మ వైరు తగిలించి కంప్యూటర్లో గీత చూస్తుంది. పొగ ఎక్కువైన వేళ గీత లేస్తుంది, తగ్గిన వేళ పడుతుంది. కొన్ని వీధుల్లో ఇలా కొలిచాక, పొగ ఎక్కువగా ఉన్న వీధిలో రెండో విడత పని మొదలవుతుంది. ఇంటింటికీ పొగగొట్టం, కొత్త రకం పొయ్యి. ఉన్న సామాను ఒక్క వీధికే సరిపోతుంది.

ఆ గొట్టం మీద మీటరక్కకు పెద్ద ఆశే ఉండేది. కారణం అత్త దగ్గు. ఆ ఇంట్లో అలారం గడియారం లేదు, అవసరమూ రాలేదు. తెల్లవారుజామున వంటగదిలో మొదలైన దగ్గు మీటరక్క లేచేదాకా ఆగదు. ఏమైనా అంటే ముసలామె, "పొమ్మనలేక పొగబెడతారంటారు. నాకు ఆ బాధ లేదు, నేనే పెట్టుకుంటున్నా" అని నవ్వేది. నవ్వితే మళ్లీ దగ్గు. ఈ మధ్య బావి గట్టుదాకా నడిచినా కూర్చుని ఊపిరి తీసుకోవలసి వస్తోంది.

ఇంత ఆశ ఉన్న మనిషి పని ఎలా చేస్తుందో వేరే చెప్పాలా? ఒళ్లు దాచుకోకుండా చేసింది. పెట్టె ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు చెప్పడం కూడా ఆ పనిలో భాగమే. శిక్షణలో డాక్టరమ్మ చెప్పింది ఒక్క ముక్క, "ఖరీదైన యంత్రం, జాగ్రత్తగా వాడమనండి" అని. మీటరక్క నోట్లో పడితే గోరంత మాట కొండంత కావలసిందే. "ఇది అల్లాటప్పా వస్తువు కాదు వదినా. దీనికి ఏమన్నా అయ్యిందంటే నా ఉద్యోగం ఊడినట్టే. కంటికి రెప్పలా చూసుకో. నా అన్నం నీ చేతిలో పెడుతున్నా" అని ప్రతి గడపలోనూ చెప్పింది. వీధి కూడా ఆ మాట నిలబెట్టింది. మర్నాడు వెళ్తే ఏ ఇంట్లోనైనా పెట్టెను తళతళలాడించి మరీ చేతికిచ్చేవారు. ఎంత శ్రద్ధగా వాడారో అని మీటరక్క మురిసిపోయేది.

వీధి సగానికి పైగా అయ్యాక ఒక రోజు డాక్టరమ్మ ఆమెను కంప్యూటరు దగ్గరికి పిలిచింది. తెర నిండా గీతలు. ఒక్కటీ తల ఎత్తలేదు.

"మీ వీధి గాలి మా ఆఫీసు గాలి కంటే శుభ్రంగా ఉందమ్మా" అంది డాక్టరమ్మ. ఎగతాళి కాదు, ఆవిడకూ అంతుబట్టడం లేదు. "పెట్టెలు పాడయ్యాయేమోనని మార్చి చూశాను. బాగానే ఉన్నాయి. వచ్చే వారం మీటింగులో వీధులు తేలుస్తారు. లెక్కలు ఇలాగే ఉంటే మీ వీధి పక్కకు పోతుంది."

నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది. ఆ వీధిలో మాత్రం ఇంటింటా నిప్పు ఉంది, పొగ లేదట.

ఆ వారమే పెట్టె ఆమె ఇంటికీ వచ్చింది. సొంత ఇంటికి ముందు వేసుకుందని ఎవరూ వేలెత్తి చూపకూడదని తన ఇల్లు చివరికి నెట్టుకుంటూ వచ్చింది. కానీ ఈ సందేహం పట్టుకున్నాక ఆగలేక, పొద్దున్నే పెట్టెను అత్త మెళ్లో వేసి పనికి పోయింది. ఆఫీసులో మధ్యాహ్నం కరెంటు పోయి అందరినీ ఇంటికి పంపేశారు. వచ్చి చూస్తే అత్త పొయ్యి ముందు కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ కూర కలుపుతోంది. మెడ బోసిగా ఉంది.

"అత్తా, పెట్టె ఏది?"

"భద్రంగా ఉంది."

"భద్రంగా ఎక్కడ?"

ముసలామె గరిటెతో ముందు గది వైపు చూపించింది. మీటరక్క ఆ గదిలోకి వెళ్లి చెవి రిక్కించింది. మంచం కిందున్న ట్రంకుపెట్టెలో తేనెటీగ దూరినట్టు గుయ్‌మని చప్పుడు. మూత ఎత్తితే, ఉన్ని దుప్పటి మడతల్లో ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు, చుట్టూ రబ్బరు బ్యాండు. లోపలి నుంచి పచ్చ దీపం పాపం అలాగే వెలుగుతోంది.

"మెళ్లో ఉంచుకోమని చెప్పాను కదా!"

"చెప్పావులే. మెళ్లో వేసుకుని పొయ్యి ముందు కూర్చుంటే దానికి మసి పట్టదూ? పరుల సొమ్ము పాము వంటిదని ఊరికే అన్నారా? దానికి మరక అంటితే నిన్ను పనిలోంచి తీసేస్తారటగా. నీ నోటితో నువ్వే ఇంటింటా చెప్పావట. ఇదిగో, ఒక్క మసి చుక్క చూపించు, చూద్దాం" అంది అత్త గర్వంగా.

మీటరక్కకు ముందు నవ్వు వచ్చింది. నవ్వుతూనే మంచం మీద కూలబడింది. తర్వాత నవ్వు ఎటు పోయిందో తెలియదు, లేచి చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి నడిచింది.

పక్కిల్లు టైలరు వదినది. మిషను తొక్కడం ఆపకుండానే ఆవిడ జవాబు చెప్పింది. "నేనా? నేను మిషను సొరుగులో పెట్టా. అడుగున గుడ్డ పేలికలు పరిచి మరీ పెట్టా. ఎదురింటావిడ బియ్యం డబ్బాలో పెట్టింది, ఎలుకలు కొరక్కుండా. ఆ చివరింటివాళ్లు ఇంట్లో పిల్లలు ఆగరని, స్లాబు ఇంటి వాళ్ల బీరువాలో దాచారు. ఏం, ఎక్కడన్నా గీత పడిందా?"

"గీతే లేవలేదు వదినా" అంది మీటరక్క, గోడకు ఆనుకుని.

సంగతి విని టైలరు వదిన మిషను ఆపేసింది. ఆమె ప్రపంచం చూసిన మనిషి. "అయితే ఇప్పుడేం చేస్తావు? నువ్వు చెప్తే నువ్వు చేసిన పనంతా బూడిదలో పోసినట్టే అవుతుంది. నీ వల్లే పాడైందని కార్డు లాక్కుంటారు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? పెట్టె చెప్పిందే వాళ్లు నమ్ముతారు. గొట్టాలు లేకుండా ఇన్నేళ్లూ బతకలేదా మనం?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రాత్రి మీటరక్క కార్డు తీసి మేకుకు తగిలించి, దాని వైపే చూస్తూ పడుకుంది. మళ్లీ "ఏయ్, పొట్టు బస్తా" అనిపించుకోవడం ఆమెకు చావుతో సమానం. ఇంతా చేసి వీధి చేసిన తప్పేమిటి? తన అన్నం పోకూడదని కాపాడారు, అంతే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక చివరికి తన నోటి మీదే తెచ్చుకుంది. తెల్లవారుజామున ఎప్పటిలాగే వంటగదిలో దగ్గు మొదలైంది. మూసి ఉన్న నడుమ తలుపు అవతలి నుంచి అది వింటూ, ఈ రోజు చెప్పేద్దామని అనుకుంది.

డాక్టరమ్మ ముందు రబ్బరు బ్యాండుతో సహా ఆ రెండు కవర్లూ పెట్టి జరిగిందంతా చెప్పింది. పక్కనే తన కార్డు కూడా పెట్టింది. డాక్టరమ్మ గొంతు పెంచింది. "ఇన్నాళ్ల పని అమ్మా! మీరు ప్రతి ఇంటికీ వెళ్లారు, ఒక్కసారైనా వంట చేస్తుండగా తొంగి చూడలేదా?"

"చూళ్లేదమ్మా. చూడాలని తోచలేదు."

"అసలు ఉద్యోగం పోతుందని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు జాగ్రత్త అన్నారు. నేను దానికి ఉప్పూ కారం కలిపాను."

డాక్టరమ్మ కవరు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. పెదవి బిగపట్టుకున్నా నవ్వు ఆగలేదు. "మా ఇంట్లో టీవీ రిమోటుకు కూడా ఇలాగే తొడిగి ఉంటుంది" అంది. నవ్వడం అయ్యాక ముఖం మళ్లీ గంభీరమైంది. "పైవాళ్లతో మాట్లాడతాను. మీ వీధిని ఉంచమని గట్టిగానే అడుగుతాను. మీ ఉద్యోగం సంగతి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను. ముందు ఆ కార్డు తీసి సంచిలో పెట్టుకోండి, దాన్ని ఇంకా ఎవరూ అడగలేదు."

పైవాళ్లు తేల్చేదాకా మీటరక్క ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. అత్తకు భయం పుట్టి, ఒంట్లో ఎలా ఉందే అని నుదురు పట్టుకుని చూసింది. చివరికి కబురు వచ్చింది. ఆ వీధిని మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఈసారీ మీటరక్కే తిరగాలి. మూటలు కట్టించిన మనిషి మాట వింటేనే జనం మూటలు విప్పుతారని డాక్టరమ్మ పట్టుబట్టిందట.

మీటరక్క మళ్లీ గడపలెక్కింది. "వదినా, ఈసారి దీనికి మసి పట్టాలి. పట్టకపోతేనే నా ఉద్యోగం పోతుంది" అని మొదలుపెట్టింది. నోటికి బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటే. ఆ మాట పట్టుకుని టైలరు వదిన తడి చెక్కలు తెచ్చి పొయ్యిలో కుక్కింది. చూపు ఆనని ముసలాయన చుట్ట వెలిగించి, పెట్టెకు తగిలేలా పొగ ఊదుతూ కూర్చున్నాడు, తన వంతు సాయంగా. అంత అభిమానానికి దండం పెట్టి, ఆ రెండిళ్లలోనూ మళ్లీ మొదటి నుంచి కొలవాల్సి వచ్చింది. "నా కోసం ఏమీ చెయ్యొద్దు బాబాయ్. నా సంగతి మర్చిపోండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి" అని ఈసారి వంటింటి గుమ్మంలో కూర్చుని, కళ్లారా చూసి మరీ వచ్చేది. ఆమె ఉద్యోగంలో నేర్చుకున్న పెద్ద పాఠం అదే.

అత్త కూడా మొండికేయకుండా పెట్టెను మెళ్లోనే ఉంచుకుంది. "తాళిబొట్టు కంటే బరువుగా ఉందే" అని మాత్రం సణిగింది.

గీతలు ఈసారి లేచాయి. పొద్దునా సాయంత్రమూ కొండల్లా లేచాయి. ఒక్కొక్క ఇల్లూ చూపిస్తూ డాక్టరమ్మ, "ఇక అడగక్కర్లేదు, మీ వీధి రెండో విడతలో ఖాయం. గొట్టాలు రావడానికి మాత్రం కాస్త టైము పడుతుంది" అంది. మీటరక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కార్డు తడుముకుంది.

"చివరిది ఒకటి ఉండిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ ఇదే" అంటూ డాక్టరమ్మ ఇంకో గీత తెచ్చింది. "ఎవరిదో చూడలేదు. పగలు మిగతా ఇళ్లలాగే ఉంది. కానీ ఇక్కడ చూడండి, తెల్లవారకముందే తెర పైకంటా పోయింది. మిగతా ఇళ్లలో ఆ వేళకు ఎవరూ పొయ్యి వెలిగించరు. తలుపులన్నీ మూసుకుని మరీ వండినట్టుంది. ఎవరీవిడ? అంత పొద్దున్నే ఏం వండుతోంది?"

మీటరక్క పైన ఉన్న ఇంటి నంబరు చదివింది. అది తనది.

ఆ వేళకు తను ముందు గదిలో పడుకుని ఉంటుంది. పొగ తన మీదికి రాకూడదని అత్త నడుమ తలుపు వేస్తుంది. గాలికి నిప్పు ఆరిపోకూడదని కిటికీ మూస్తుంది. దగ్గు వినబడితే తను అటు తిరిగి ఇంకాసేపు పడుకుంటుంది. లేచేసరికి అన్నం, కూర వేడివేడిగా క్యారేజీలో సర్ది ఉంటాయి. ఆ క్యారేజీ సంచిలో వేసుకుని, ఏ ఇంట్లో ఎంత పొగ ఉందో కనుక్కోవడానికి వీధంతా తిరుగుతుంది. ఎవరో ఒకళ్ల వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ అన్నమే తింటుంది. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

"నాకు క్యారేజీ కడుతోందమ్మా" అంది మీటరక్క. కాళ్ల దగ్గర సంచిలో క్యారేజీ ఇంకా వెచ్చగానే ఉంది. డాక్టరమ్మ ఆ గీతను తెర మీంచి తీసేసి, తన కుర్చీని జరుపుకుని ఆమె పక్కన కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి, "రేపటి నుంచి నాకు క్యారేజీ వద్దు" అంది మీటరక్క. అంతే, ఇల్లు దద్దరిల్లింది.

"నా వంట అప్పుడే చేదెక్కిందా?" అంది అత్త. "చల్లన్నం తింటే కడుపులో నొప్పి అని ఏడ్చేదానివి. ఎవరు పెడతారు నీకు వేడన్నం, ఆ డాక్టరమ్మ పెడుతుందా?"

"నీ ఊపిరి పోతోంది అత్తా. కంప్యూటర్లో చూశాను."

"ముసలి ఊపిరి ఎక్కడికి పోతే ఏం? నువ్వు ఎండలో తిరిగేదానివి" అని అత్త అటు తిరిగి పొట్టు కూరడం మొదలుపెట్టింది. ఇక ఆమెతో వాదించి లాభం లేదని కోడలికి తెలుసు.

మర్నాడు అత్త లేచి వంటగదిలోకి వచ్చేసరికి పొయ్యి లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మీటరక్క వెలిగించని నూనె డబ్బాను రెండు చేతులా పట్టుకుని, గుమ్మం దాటించి వాకిట్లో దింపుతోంది. చెదిరిన జుట్టు, కళ్ల నిండా నిద్ర.

"వీధిలో వంటేమిటే, నీకు మతిపోయిందా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"మీటరక్క ఇంట్లో కూడా పొగ వస్తుందని అనుకుంటారు. రా, ఇక్కడ పీట వేశాను" అంది మీటరక్క, అగ్గిపుల్ల గీస్తూ. "అటు కాదు, గాలి వీపుకు తగిలేలా కూర్చో. కూర నేను తరుగుతాను."

ముసలామె కాసేపు గుమ్మంలోనే నిలబడి, ఏదో గొణుక్కుంటూ వచ్చి పీట మీద కూర్చుంది. పొట్టు రాజుకుంది. పొగ లేచి అడితి గోడ మీదుగా ఆకాశంలోకి పోయింది. పక్కింటి కిటికీ తెరుచుకుని టైలరు వదిన తల బయటికి పెట్టింది, ఏదో అడగబోయి మానుకుంది.

కూర ఉడికేదాకా అత్త దగ్గలేదు. అన్నం క్యారేజీలోకి తీస్తూ, "ఈ పూటకు సరే. రేపు నేనే మోసుకొస్తా, నువ్వు పడుకో" అంది.

"పడుకోను" అంది మీటరక్క.